చివరి కుళాయికి ముందు నీళ్లు

పాలిటెక్నిక్ పూర్తిచేసి బయటికొచ్చాక నాకు దొరికిన మొదటి పని, కారంపూడి అవతల ఒక ఊళ్లో మంచినీళ్ల పథకానికి వర్క్ ఇన్‌స్పెక్టర్. పేరు పెద్దది, ఉద్యోగం మాత్రం తాత్కాలికం. మండలాలు కొత్తగా ఏర్పడిన రోజులవి. లారీలోంచి పైపులు దింపించుకోవడం, పైపులు పరిచే కాలవ లోతు కొలవడం, జాయింట్లు చూడటం, సిమెంటు బస్తాలు తడవకుండా కాపాడటం, ఏ పని ఎంతవరకు వచ్చిందో పై ఆఫీసరుకి చెప్పడం నా బాధ్యతలు. మా నాన్న నరసరావుపేటలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. కొలత తప్పితే ఇంజను ఊరుకోదని ఆయన అంటుంటే వింటూ పెరిగాను. దేన్నయినా వరుసగా పెట్టి చూసుకునే అలవాటు నాకు చదువు కంటే ముందే వచ్చింది.

ఆ ఊరి వాలు గురించి మొదట చెప్పాలి. తర్వాత జరిగిందంతా ఆ వాలు వల్లే. పడమట చిన్న గుట్ట, దాని మీద కొత్తగా కట్టిన నీళ్ల తొట్టి. గుట్ట కిందనే పై వీధి, అందులో రైతుల ఇళ్లు, ప్రెసిడెంటు గారి ఇల్లు. అక్కణ్ణించి నేల దిగుతూ దిగుతూ వాగు దాకా పోతుంది. వాగు పక్కన, అన్నిటికన్నా పల్లంలో, పల్లె. మా వైపు ఊరు అంటే రైతుల వీధులు, పల్లె అంటే హరిజనుల ఇళ్లు. ప్రభుత్వం లెక్కలో రెండూ కలిపి ఒకే గ్రామం.

పల్లెలో ఒక బావి ఉంది గానీ నీళ్లు ఉప్పు. తాగే నీళ్ల బావి పై వీధిలో ఉంది. పల్లె ఆడవాళ్లు బిందెలు తెచ్చి బావికి ఇవతల పరిచిన నాపరాయి మీద పెట్టి, దూరంగా జరిగి నిలబడేవాళ్లు. పై వీధి వాళ్లెవరైనా తోడుకోవడానికి వచ్చినప్పుడు, తమ బిందెలు నిండాక, వీళ్ల బిందెల్లో కూడా పైనుంచి పోసేవాళ్లు. దీన్ని పోయించుకోవడం అనేవాళ్లు. ఎక్కువమంది విసుక్కోకుండానే పోసేవాళ్లు, ఆ మాట కూడా చెప్పాలి. కానీ పోసే చెయ్యి రాకపోతే, వచ్చేదాకా ఎండలో నిలబడాల్సిందే. చేద అక్కడే ఉంటుంది, తాడు అక్కడే ఉంటుంది, నీళ్లు కనపడుతూనే ఉంటాయి.

మా పైపులన్నీ బడి ఆవరణలో దింపాం, తాళం వేసే గేటు ఊళ్లో అక్కడే ఉంది కాబట్టి. బళ్లో ఇద్దరు టీచర్లు. ఒకాయన మాచర్ల నుంచి బస్సులో వచ్చి బస్సులో పోయేవాడు. రెండో ఆమె పల్లె మనిషే. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. మొదటి రోజే నన్ను తమ్ముడూ అని పిలిచింది, నేను టీచరక్కా అన్నాను. ఇద్దరం అంతకంటే ఎక్కువ పరిచయాలు చేసుకోలేదు. ఇంట్లో ఆమె, వాళ్లమ్మ, అంతే. ప్రైవేటుగా ఎం.ఏ. ఇంగ్లీషు కట్టింది. అన్ని పేపర్లూ పాసై ఒక్కటి మిగిలింది: అమెరికన్ సాహిత్యం.

అది ఎట్లా మిగిలిందో తనే చెప్పింది. అంతకుముందు ఏడు పరీక్ష రోజున పై వీధిలో పెళ్లి. వాళ్లకి వంటకి కావాల్సిన నీళ్లు తెల్లారకముందే తోడిపెట్టుకున్నారు. ఆ తర్వాత బావి దగ్గరికి ఎవరూ రాలేదు. వాళ్లమ్మ నాపరాయి దగ్గర నిలబడే ఉంది. ఇంట్లో కూతురు తల మీద పోసుకోవడానికే కాదు, తాగిపోవడానికి కూడా నీళ్లు లేక ఎదురుచూస్తా ఉంది. చివరికి ఉప్పునీళ్లే ముఖాన చల్లుకుని రోడ్డు మీదికి పరిగెత్తేసరికి నరసరావుపేట బస్సు పోయింది.

"స్వేచ్ఛ, సమానత్వం, న్యాయం. ఈ మూడిటి మీద వ్యాసం తప్పకుండా వస్తదని చదువుకున్నా. వచ్చిందంట కూడా," అని నవ్వింది. "మా అమ్మ బిందె నిండితే రాసేదాన్ని."

సాయంత్రాలు కూలీలు వెళ్లిపోయాక బడి వరండాలో కూర్చుని చదువుకునేది. గుంటూరులో పాత పుస్తకాల కొట్లో కొన్న అమెరికన్ రచనల సంకలనం ఒకటి ఉండేది ఆమె దగ్గర, అట్ట ఊడిపోయి, ముందు పేజీలు పోయి. నా ఇంగ్లీషు మెషీన్ల వెంట వచ్చే పుస్తకాల ఇంగ్లీషు. బిగించు, వదులు చేయి, జాగ్రత్త, ఇట్లాంటివి. అయినా ఆమె అడిగేది, నేను చెప్పేవాణ్ని. తెలియనివి ఇద్దరం డిక్షనరీలో వెతికేవాళ్లం.

అట్లా ఆ దేశం గురించి నాకు తెలిసినవి కొన్ని ఉన్నాయి. మనుషులందరూ సమానమే అని దేశం పుట్టిన రోజునే రాసుకున్నారనీ, రాసినవాళ్లలో బానిసలు ఉన్నవాళ్లు కూడా ఉన్నారనీ. బానిసకి అక్షరాలు నేర్పడం కొన్ని చోట్ల నేరమనీ, అయినా దొంగతనంగా నేర్చుకున్నవాళ్లు తమ కథ తామే రాసుకున్నారనీ. బానిసత్వం పోయాక కూడా బస్సులో వెనక సీట్లు, హోటల్లో వెనక గుమ్మం, రైల్లో వేరే పెట్టె నల్లవాళ్లవనీ. టీచరక్క వీటిని పరీక్ష కోసం చదువుతున్నట్టు చదివేది కాదు. ఒక్కోచోట ఆగి, "ఈ రాసినామెవరో మా పిన్నమ్మలా ఉందే," అనేది.

ఒక సాయంత్రం అడిగింది. "తమ్ముడూ, నువ్వు పైపులవాడివి గదా. ఫౌంటెన్ అంటే ఏంది? పార్కులో పైకి చిమ్మేదే గదా? దాన్లో నీళ్లు మనుషులు ఎట్లా తాగుతారు? పక్కపక్కనే రెండు ఉంటయ్యంట, ఒకటి తెల్లవాళ్లది, ఒకటి నల్లవాళ్లది."

నా దగ్గర కుళాయిలూ వాల్వులూ అమ్మే కంపెనీ క్యాటలాగు ఉంది. అందులో వెతికి బొమ్మ చూపించాను. గోడకి బిగించిన చిన్న తొట్టి, అందులో పైకి చిమ్మే కుళాయి, వంగి తాగాలి. ఆమె ఆ బొమ్మను చాలాసేపు చూసింది. పుస్తకంలో అది రాసిన నల్లామె చిన్నప్పుడు తెల్లవాళ్ల కుళాయిలో నీళ్లు తియ్యగా ఉంటాయనుకునేదట, రంగు రంగులుగా వస్తాయనుకునేదట.

"గోడ వెనక పైపు ఒకటే అయ్యుంటది," అన్నాను. "పక్కపక్కన రెండు కుళాయిలకి రెండు లైన్లు ఎవరూ వెయ్యరు. దండగ."

"అది వాళ్లకి తెలవదా?"

"బిగించినవాడికి తెలుస్తది."

ఆమె నవ్వి, "మరి నిన్ను ఏ కుళాయిలో తాగమనేవాళ్లో అక్కడ," అంది. "ఇక్కడ ఎట్లా ఇస్తారు నీకు?"

"పై వీధిలోనా? సాయిబుని గదా, గ్లాసులోనే ఇస్తారు. తాగాక నేనే కడిగి బోర్లించాలి."

"అయితే నీకు మూడో కుళాయి పెట్టాలబ్బాయ్ అమెరికాలో."

కోర్టులు కూడా చాలాకాలం దాన్ని ఒప్పుకున్నాయట. విడివిడిగా ఉండొచ్చు, రెండూ సమానంగా ఉంటే చాలు అని. సమానంగా ఎప్పుడూ లేవు, అది వేరే సంగతి. ఆ వాదన తప్పని తేలడానికి ఒక మనిషి జీవితకాలం పట్టిందని ఆమె చెప్పింది. మా పథకం దగ్గర కూడా సరిగ్గా అదే మాట నాకు మరుసటి వారం వినపడింది.

పథకం మొదటి ప్లానులో రెండు వీధి కుళాయిలు ఉన్నాయి. ఒకటి పై వీధిలో, రెండోది ఊరికీ పల్లెకీ మధ్య ఉన్న ఖాళీ స్థలంలో, రెండువైపులవాళ్లూ పట్టుకునేలా. ప్రెసిడెంటు గారు ఒకరోజు నన్ను ఇంటికి పిలిపించారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ పథకం కోసం గుంటూరు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగినవాడు.

"చూడు సాయిబూ, ఆ మధ్యది మధ్యలో వద్దు. పల్లెలోనే పెట్టెయ్యి. మన ఆడోళ్లు, వాళ్ల ఆడోళ్లు ఒక్క దగ్గర చేరితే రోజూ పంచాయితీ. మాది మాకు, వాళ్లది వాళ్లకి. రెండూ ఒకటే రకం కుళాయి, ఒకటే రకం దిమ్మె, సిమెంటు కూడా సమానంగా పొయ్యి. నేనేం తక్కువ చేస్తన్నానా వాళ్లకి?"

నీళ్ల దగ్గర మొదలైన మాట ఎంత దూరం పోతుందో అందరికీ తెలిసిన కాలం అది. ఆయన భయంలో అబద్ధం లేదు. కానీ నాకు వేరే ఇబ్బంది కనపడింది.

"ప్రెసిడెంటు గారూ, మీ వీధి కుళాయి తొట్టికి కొంచెమే దిగువలో ఉంటది. పల్లె చానా పల్లం. ఒకే లైను మీద రెండూ తెరిస్తే నీళ్లు పల్లంలోకే లాగుతయ్యి. మీ కుళాయి సన్నబడుద్ది. మధ్యలో పెడితే ఇంత తేడా రాదు."

ఆయన ఫక్కున నవ్వారు. అక్కడే అరుగు మీద కూర్చున్న ఆయన బావమరిది ఇంకా గట్టిగా నవ్వాడు.

"ఏందయ్యా ఇంజనీరూ! పైపు గుట్ట మీంచి దిగితే ముందు తగిలేది మా వీధే గదా. మమ్మల్ని దాటి పల్లెకి ముందు పోతయ్యా నీళ్లు? బంతిలో ముందు కూర్చున్నోడికి ముందు వడ్డిస్తారా, చివరోడికా?"

ఇక చెప్పి లాభం లేదు. బావి దగ్గర, బంతిలో, ఊరేగింపులో, అన్నిచోట్లా ఏ వరస నడిచిందో ఆ వరసే ఇనప గొట్టంలో కూడా నడుస్తుందని వాళ్లకి ఏ అనుమానమూ లేదు. పై ఆఫీసరు స్కూటర్ మీద వచ్చినప్పుడు ఆయనకీ చెప్పాను. "ఊళ్లో అందరూ ఒప్పుకున్నారు గదా, కానివ్వు. ఇబ్బందొస్తే తర్వాత వాల్వు వేద్దాం," అని వెళ్లిపోయాడు.

టీచరక్కకి చెబితే చదువుతున్న పుస్తకం మూసి పక్కన పెట్టింది. తర్వాత అంది: "ఇంటి ముందుకి కుళాయి వస్తే సంతోషమే. కాదంటే అబద్ధం. కానీ మమ్మల్ని దూరం పెట్టడానికి నీళ్లు దగ్గర చేస్తన్నారు, అదే కష్టంగా ఉంది." పుస్తకం మళ్లీ చేతిలోకి తీసుకుంటూ, "అయినా సరే, మా అమ్మ తన చేత్తో తను తిప్పుకుంటది. నాకు అది చాలు. ఇంకోళ్ల చెయ్యి కోసం నిలబడొద్దు," అంది.

కాలవ తవ్వింది పల్లె మనుషులే. మా పల్నాటి నేల సంగతి తెలిసిందే, జానెడు మన్ను తీస్తే నాపరాయి. గడ్డపార దిగదు, సమ్మెటతో పగలగొట్టి పలకలు పలకలుగా తీయాలి. పై వీధి పొడుగునా వాళ్లు తవ్వుతుంటే ఇళ్లల్లోంచి చెంబులతో మజ్జిగ తెచ్చి, దోసిళ్లలో పైనుంచి పోశారు. ఎండ మండుతోంది, మజ్జిగ చల్లగా ఉంది, అందరూ తాగారు. నేనూ గ్లాసులో తాగి, గ్లాసు కడిగి బోర్లించాను.

ప్రారంభం రోజున షామియానా వేశారు. మండలం పెద్దలు వచ్చారు. పై వీధి కుళాయికి పూలదండ కట్టి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టారు. వాళ్లలో ముఖ్య అతిథి కుళాయి తిప్పగానే నీళ్లు ధారగా పడ్డాయి. చప్పట్లు. ప్రెసిడెంటు గారు నా వంక చూసి కన్ను గీటారు.

అదే సమయానికి పల్లెలో, ఏ దండా లేకుండా, టీచరక్క వాళ్లమ్మ కుళాయి తిప్పింది. నేను అక్కడ లేను. అక్కడ ఏం జరిగిందో పై వీధి కుళాయే చెప్పింది. ధార సన్నబడింది, దారమయ్యింది, బొట్లయ్యింది, ఆగిపోయింది. అతిథి ఇంకా మైకులో మాట్లాడుతున్నాడు. బిందె పెట్టిన ఆవిడ కుళాయిని అటూ ఇటూ తిప్పి, అరచేత్తో కొట్టి, "ఇదేందే, అప్పుడే అయిపోయినయ్యా?" అంది. కింద పల్లెలోంచి ఆడవాళ్ల కేకలు, నవ్వులు వినపడ్డాయి. అక్కడ దిమ్మె మీద నీళ్లు పొంగి పొర్లుతున్నాయి.

ప్రెసిడెంటు గారి బావమరిది పరిగెత్తుకుంటూ పల్లం దిగాడు. "ఏమే, కట్టెయ్యండే! పైన బొట్టు రావటంలా!"

ఒక ముసలామె బిందె మీద నుంచి తల ఎత్తకుండానే అందట: "కాస్త నిలబడు నాయనా. మా బిందె నిండినాక కడతాం."

ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. పల్లెలో దాన్ని చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. పై వీధిలో ఎవరూ నవ్వలేదు.

మరుసటి రోజు పంచాయితీ ఆఫీసు దగ్గర మీటింగు పెట్టారు. పై వీధి పెద్దలు వరండాలో, పల్లెవాళ్లు మెట్ల కింద. టీచరు కాబట్టి అక్కకి వరండాలో కుర్చీ వేశారు. వాళ్లమ్మ కింద నిలబడి ఉంది గనక ఆమె ఆ కుర్చీలో కూర్చోలేదు, దాని వీపు పట్టుకుని నిలబడింది. పై ఆఫీసరు కూడా వచ్చాడు. ప్రెసిడెంటు గారు తన మనసులో మాట చెప్పారు: ఊరికీ పల్లెకీ మధ్య లైను మీద ఒక వాల్వు పెట్టాలి, దాన్ని తిప్పే తాళంచెవి ఆయన ఇంట్లో ఉండాలి, పై వీధి పట్టుకున్నాక పల్లెకి వదలాలి.

"అంతేగదా న్యాయం? ఎవరికీ లేకుండా చేస్తన్నామా? మీ కుళాయి మీకుంది, మా కుళాయి మాకుంది."

టీచరక్క కుర్చీ వదిలి ముందుకొచ్చింది. "అమెరికాలో కూడా ఇట్లాగే చెప్పారండీ. తెల్లవాళ్లకొకటి, నల్లవాళ్లకొకటి, రెండూ సమానమే అని. కుళాయిలు రెండైనా వాటి తాళాలు ఒక్కళ్ల దగ్గరే ఉన్నయ్యి. అదే వచ్చిన చిక్కు."

ప్రెసిడెంటు గారు నిజంగానే ఆశ్చర్యపోయి అడిగారు. "ఏందమ్మా, అమెరికాలో కూడా పల్లె ఉంటదా?"

"ఉంటదండీ. ఊరి చివరే ఉంటది."

ఎవరో నవ్వారు. ఆయన కూడా మీసం మీద చెయ్యేసుకుని నవ్వారు. కానీ వాల్వు మాట వదల్లేదు. ఆఫీసరు నా వైపు తిరిగి, నరసరావుపేట స్టోరు నుంచి వాల్వు తెప్పించమన్నాడు. పల్లెవాళ్ల ముఖాలు చూశాను. కాలవ తవ్వినవాళ్లంతా అక్కడే ఉన్నారు. నాపరాయి మీద బిందె పెట్టి నిలబడటం పోయి ప్రెసిడెంటు గారి గుమ్మం ముందు నిలబడటం వస్తుంది, అంతే తేడా. టీచరక్క తల్లి మెట్ల కింద నుంచి మెల్లిగా అంది: "మళ్లీ పోయించుకోవడమే గదయ్యా."

అప్పుడు నాకు తోచింది చెప్పాను. వాల్వు లేకుండానే రెండు కుళాయిలూ ఒకేసారి సమానంగా వచ్చేట్టు చేయొచ్చు. పల్లె కుళాయి వెనక జాయింటులో చిల్లు ఉన్న ఇత్తడి బిళ్ల ఒకటి పెడితే చాలు. పల్లంలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి చిల్లు చిన్నది కావాలి. ఒకే సైజు కుళాయిలు పెడితే నీళ్లు సమానంగా రావు, నేల సమానంగా లేదు కాబట్టి. నేల ఎగుడుదిగుడు చూసి చిల్లు సైజు మార్చాలి.

పల్లె కుర్రవాడొకడికి కోపం వచ్చింది. "మా చిల్లే ఎందుకు చిన్నదవ్వాలి? ఇన్నేళ్లూ వాళ్ల చెయ్యి చిన్నదైనప్పుడు ఎవరన్నా అడిగారా?"

అతను అన్నదాంట్లో తప్పేమీ లేదు. టీచరక్క కూడా నా వంక అదోలా చూసింది. "పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మాకొకటి ఎక్కువొచ్చింది తమ్ముడూ. దాన్ని సమానం చెయ్యడానికి ఒక్కరోజులో ఊరంతా కూర్చుంది." తర్వాత మెట్లు దిగి తనవాళ్ల దగ్గరికి పోయి చాలాసేపు మాట్లాడింది. కుర్రవాడు తల అడ్డంగా ఊపాడు, మళ్లీ ఊపాడు, చివరికి చేతులు కట్టుకుని ఊరుకున్నాడు. ఆమె తిరిగొచ్చి వరండాలో వాళ్లతో చెప్పింది: "చిల్లు చిన్నది చెయ్యండి. ఒప్పుకుంటాం. తాళంచెవి మాత్రం వద్దు. ఎవరింట్లోనూ వద్దు, మా ఇంట్లో కూడా వద్దు. మా కుళాయి మేమే తిప్పుకుంటాం, మీది మీరు తిప్పుకోండి. నీళ్లు రెండుచోట్లా ఎప్పుడూ ఉండాలి."

ప్రెసిడెంటు గారు ఆఫీసరు వంక చూశారు. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. "ఊళ్లో గొడవ లేకపోతే నాకు చాలు. వాల్వో బిళ్లో, ఏదో ఒకటి కానివ్వండి," అన్నాడు. బిళ్ల పనిచేయకపోతే వాల్వే అని ప్రెసిడెంటు గారు గట్టిగా చెప్పి లేచారు. కాబట్టి అంతా ఆ బిళ్ల మీదికొచ్చింది.

ఆ రోజే నరసరావుపేట పోయాను. మా నాన్న లేతు మీద పని చేసుకుంటూ విన్నాడు. "కార్బ్యురేటర్లో పెట్రోలు కొలిచి వదిలే జెట్టులాగా అన్నమాట," అన్నాడు. "అన్నేళ్లు చదివించింది చిల్లులు పొడవడానికా బేటా?" అంటూనే వేరువేరు చిల్లులతో బిళ్లలు చేసిచ్చాడు. మా అమ్మీ మధ్యాహ్నం తినకుండా పోనివ్వనంది. తిని బస్సెక్కాను.

బిళ్లలు ఒక్కొక్కటే మార్చి చూశాను. ఒకటి పెడితే పల్లెలో ఎక్కువ, ఇంకోటి పెడితే పై వీధిలో ఎక్కువ. ఒక బిళ్ల దగ్గర రెండూ సరిపోయాయని నా కంటికి తోచింది. నా కన్ను ఎవరికి కావాలి? అందరి ముందూ చూపించాలి. రెండు కుళాయిల కింద ఒకే రకం బకెట్లు పెట్టి, ఒకేసారి తిప్పి, ఒకేసారి నిండుతాయో లేదో చూద్దామన్నాను.

ప్రెసిడెంటు గారి బావమరిది ఒప్పుకోలేదు. "వాళ్ల కుళాయి వాళ్లే తిప్పితే పూర్తిగా తిప్పారో లేదో మాకేం తెలుస్తది? సగమే తిప్పి సమానం అంటారు. అక్కడ మా మనిషే తిప్పాలి."

"అయితే పైన మా మనిషి తిప్పాలి," అన్నాడు పల్లె కుర్రవాడు, క్షణం కూడా ఆగకుండా.

ఆ మాట అన్నాక అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లెక్క ప్రకారం అది సరైనదే. నేను కూడా సరైనదే అన్నాను. అనుమానం రెండువైపులా ఉన్నప్పుడు ఎదుటివాడి కుళాయి దగ్గర నువ్వు నిలబడాలి. ప్రెసిడెంటు గారు కాదనడానికి నోరు తెరిచి, కాదంటే ఈ పరీక్షే జరగక వాల్వు మాటా పోతుందనుకున్నారో ఏమో, "కానివ్వండి," అన్నారు.

అట్లా బావమరిది పంచె ఎగ్గట్టుకుని పల్లెలోకి దిగాడు. ఎవరో మంచం వాల్చి కూర్చోమంటే, వద్దులే, నిలబడతాలే అన్నాడట. పైకి వెళ్లడానికి పల్లెలో ఎవరూ ముందుకు రాలేదు. కుర్రవాడు లేచాడు గానీ టీచరక్క చెయ్యి పట్టి ఆపింది. అప్పుడు వాళ్లమ్మ చెంగు బిగించుకుని, "నేను పోతా. ఆ వీధిలో నిలబడటం నాకలవాటేగా," అని బయల్దేరింది.

నేను మధ్యలో, ఖాళీ స్థలంలో నిలబడ్డాను, రెండువైపులా కనపడేలా. పై వీధి ఆడవాళ్లు అరుగుల మీద, గుమ్మాల్లో. టీచరక్క వాళ్లమ్మ కుళాయి దిమ్మె దగ్గరికి వచ్చి, అలవాటు కొద్దీ నాలుగు బారల దూరంలో ఆగింది. కాసేపు అట్లాగే నిలబడింది. తర్వాత తనే నడిచి, దిమ్మె ఎక్కి, పిడి మీద చెయ్యేసి నా వంక చూసింది. నేను తువ్వాలు ఊపాను.

రెండుచోట్లా నీళ్లు పడ్డాయి. ధార తగ్గలేదు. బకెట్టు నిండుతున్న చప్పుడు మారుతూ మారుతూ పైకొచ్చింది. కింద నుంచి బావమరిది "నిండింది!" అని అరిచాడు. అదే ఊపులో పైన ఆమె "నిండిందయ్యా!" అంది. పై వీధి పిల్లలు ఈలలు వేశారు. ప్రెసిడెంటు గారు బకెట్లోకి ఒంగి చూసి, తల పంకించి, "సరే, బాగానే ఉంది," అని ఇంట్లోకి పోయారు. వాల్వు మాట మళ్లీ రాలేదు.

ఆమె కుళాయి కట్టి పక్కకి జరిగింది. ఎదురింటి ముసలావిడ, ఊళ్లో అందరికంటే మడి పాటించే మనిషి, చెంబు పట్టుకుని దిగింది. ఆ పిడి కడగాలని వచ్చిందని అందరికీ అర్థమైంది. చెంబు ఖాళీది. నీళ్లు కావాలంటే ఆ కుళాయే తిప్పాలి. ఆవిడ చెంబు వంక చూసింది, పిడి వంక చూసింది, మమ్మల్నందర్నీ చూసింది. తర్వాత చటుక్కున చెయ్యేసి తిప్పి, పట్టుకుని, ఏమీ కడక్కుండానే ఇంట్లోకి తీసుకుపోయింది.

టీచరక్క వాళ్లమ్మ పల్లం దిగి నా దగ్గర ఆగింది. తడిచెయ్యి చెంగుకి తుడుచుకుంటోంది. ఏం చెబుతుందోనని చూశాను.

"ఆ పైది తిప్పడానికి మరీ గట్టిగా ఉందబ్బాయ్," అంది. "వాళ్లలో ముసలోళ్లున్నారు గదా. కాస్త గ్రీజు పెట్టు."